చేపపిల్లలూ - తేటనీళ్ళూ

మన పురాణాలలో చేపపిల్లను పెంచి పెద్దచేసిన మహానుభావుడు సత్యవ్రత మహారాజు. ఆయన కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లో ఓ చేపపిల్ల పడింది. తిరిగి నీళ్ళలో వదలబోతే, "పెద్దచేపలు నన్ను మింగేస్తాయి, కాపాడు" అని మొరపెట్టుకున్నది. రాజు జాలిపడి కమండలంలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. తెల్లవారేసరికి కమండలం చాలలేదు. పెద్ద బానలో వేశాడు; అదీ చాలలేదు. మడుగూ చాలలేదు, చెరువూ చాలలేదు. చివరకు సముద్రానికి తీసుకుపోవలసి వచ్చింది. భాగవతం అష్టమ స్కంధంలో వున్న ఈ కథ తెలియని తెలుగువారు తక్కువ.

భక్తులు ఈ కథలో మత్స్యావతారాన్ని చూస్తారు. అది సరే. చేపలు పెంచాలనే సరదా వున్నవాళ్ళు మాత్రం ఇందులో ఇంకో సంగతి కూడా చూడాలి. సత్యవ్రతుడు చేపకు ఏం మేత వేశాడో కథలో ఎక్కడా లేదు. ఎంతసేపూ దానికి నీళ్ళు చాలాయా లేదా అన్నదే ఆయన ఆరాటం. పైగా ఆ చేప మాటలు నేర్చినది కనుక, తనకు చాలడం లేదని నోరు విప్పి చెప్పింది. మన తరగతి గదుల్లోకి వచ్చే చేపపిల్లలకు ఆ సదుపాయం లేదు. అవి అడగవు. అడగకుండానే చచ్చిపోతాయి.

మూడు వారాల ముచ్చట

నంద్యాలలోనో, అక్కడికి సుమారు నలభై కిలోమీటర్ల దూరాన వున్న ఆళ్ళగడ్డలోనో ఒక బడిలో, ఆరో తరగతి గదిలో గాజుతొట్టి పెట్టారనుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అడుగున రంగురాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క, బుడగలు వదిలే బుల్లి మోటారు. బజారు నుంచి పాలిథిన్ సంచిలో ఇరవై చేపపిల్లలు వచ్చాయి. పిల్లల సంబరానికి మేర లేదు. ఆ వారమంతా బడికి ఆలస్యంగా వచ్చినవాడు లేడు. వచ్చిన ప్రతివాడూ తన వంతుగా చిటికెడు మేత వేస్తాడు. తరగతిలో నలభైమంది, రోజుకు నలభై చిటికెలు.

మొదటివారం చేపలు హుషారుగానే తిరుగుతాయి. రెండోవారంలో నీటిపైకి వచ్చి నోళ్ళు తెరవటం మొదలుపెడతాయి. "ఆకలేస్తోంది పాపం!" అని పిల్లలు ఇంకో చిటికెడు వేస్తారు. ఒక సోమవారం ఉదయం తలుపు తీసేసరికి నాలుగు చేపలు వెల్లకిలా తేలుతుంటాయి. ఇక పెద్దలు రంగంలోకి దిగుతారు. నీళ్ళన్నీ పారబోయించి, రాళ్ళనూ స్పంజీనీ సబ్బుపెట్టి తోమించి, కొళాయి నీళ్ళు నింపిస్తారు. తొట్టి అద్దంలా మెరిసిపోతుంది. మర్నాటికి మిగిలిన పదహారూ పోతాయి. దిష్టి తగిలిందని ఆయమ్మ అంటుంది. రోగిష్ఠి చేపలు అంటగట్టాడని సారు అంగడివాణ్ణి తిడతాడు. మూడోవారానికి ఆ తొట్టిలో సుద్దముక్కలూ, పాత అట్టలూ చేరతాయి.

"నీళ్ళు తెల్లగనే ఉండాయి కదా సార్, ఎందుకు చచ్చిపోయినాయి?" అని ఒక పిల్లవాడు అడుగుతాడు. అతడికి ఎవరూ జవాబు చెప్పరు.

నిజానికి ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి. ఇలాంటి చావుల్లో చాలావాటికి దిష్టితో పనిలేదు, రోగంతోనూ పనిలేదు. మొదటి నాలుగింటినీ చంపింది పిల్లల ప్రేమ. తక్కిన పదహారింటినీ చంపింది పెద్దల శుభ్రత. నీళ్ళు తేటగా వున్నాయి గదా అన్న ధీమాయే రెండింటికీ మూలం. నీటికి తేటదనం వేరు, మంచితనం వేరు. గాజుతొట్టి నేర్పగల పాఠాల్లో ముఖ్యమైనది ఇదే.

గాజుతొట్టి పుట్టుపూర్వోత్తరాలు

చేపలను చూసి ఆనందించటం మనకు కొత్తకాదు. కల్యాణి రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి పేర 12వ శతాబ్దిలో వెలసిన "మానసోల్లాసం" రాజుల వినోదాలలో మత్స్యవినోదాన్ని కూడా చేర్చింది. ఏ జాతి చేపకు ఏ మేత ఇష్టమో అందులో వివరంగా వున్నది. కాకపోతే ఆ వినోదం చివరకు గాలంతో ముగుస్తుంది. గుడి కోనేట్లో చేపలకు బొరుగులు వేసి పుణ్యం కట్టుకోవటం మనందరం ఎరిగినదే.

చేపను పక్కనుంచి, కంటికి ఎదురుగా చూడటం మాత్రం 19వ శతాబ్దిలో వచ్చిన వింత. పారిస్‌లో దుస్తులు కుట్టే పనితో జీవితం మొదలుపెట్టిన జాన్ విల్‌ప్రో-పవర్ అనే ఫ్రెంచి వనిత సిసిలీ ద్వీపంలో కాపురముంటూ, సముద్రజీవులను పరిశీలించేందుకు 1832 లో గాజుతొట్టెలు చేయించుకున్నది. 1850 లో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్ చేపలనూ, ఒక నీటిమొక్కనూ, నత్తలనూ ఒకే తొట్టిలో వుంచి, ఈ మూడూ ఒకదాన్నొకటి నిలబెడతాయని చూపించాడు. 1853 లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మన వైపు చూస్తే, 1909 లోనే మద్రాసు సముద్రపుటొడ్డున ప్రజలకోసం చేపల ప్రదర్శనశాల వెలసింది. ఆ రోజుల్లో మద్రాసుకు వెళ్ళిన తెలుగువారు చూసివచ్చి చెప్పుకున్న వింతల్లో అదీ ఒకటి. రెండో ప్రపంచయుద్ధం దాన్ని మూయించింది.

వారింగ్‌టన్ చూపించిన ఆ పొత్తు ఎలా నడుస్తుందో తెలిస్తే, మన ఆరో తరగతి చేపల చావుకు కారణం తెలిసిపోతుంది.

కంటికి కనబడని మురికి

చేప తిన్న మేతలోని మాంసకృత్తులలో ఒంటికి పట్టగా మిగిలింది అమ్మోనియాగా మారి, చాలావరకు మొప్పల్లోంచే బయటికి వస్తుంది. తినకుండా అడుగున చేరిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. దీనికి రంగు లేదు. పంచదార కరిగినట్లు నీళ్ళలో కలిసిపోతుంది. నీళ్ళు తేటగానే వుంటాయి. చేప మొప్పలు మాత్రం మండిపోతాయి. అది పైకి వచ్చి నోరు తెరిచేది మేతకోసం కాదు, ఊపిరాడక. అప్పుడు ఇంకో చిటికెడు మేత వేయటం మునిగిపోతున్నవాడికి మంచినీళ్ళు ఇవ్వటంలాంటిది.

ఇక్కడ మహానంది సంగతి చెప్పుకోవాలి. నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల దూరాన, నల్లమల అంచున వున్న ఆ క్షేత్రంలో కోనేటి నీళ్ళ తేటదనం లోకప్రసిద్ధం. నిలువెత్తు నీటికింద నాణెం పడినా దాని మీది బొమ్మ కనబడుతుందంటారు. అక్కడి నీటి రహస్యం ఊటలో వున్నది. కొత్తనీరు ఎడతెగకుండా వస్తూనే వుంటుంది. పాతనీరు తూములగుండా తోటలకూ పొలాలకూ పోతూనే వుంటుంది. వందలమంది మునిగినా ఆ మురికి అక్కడ నిలవదు. గాజుతొట్టిలో ఊట లేదు, తూము లేదు. పుట్టిన మురికి పుట్టినచోటే వుంటుంది. చూపుకు రెండూ తేటనీళ్ళే. ఒకటి నడిచే నీరు, ఒకటి నిలిచిన నీరు.

మరి వారింగ్‌టన్ చేపలు ఎలా బతికాయి? మొక్క కొంత అమ్మోనియాను తన ఎరువుగా తీసుకుంటుంది. తక్కిన పని చేసేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. 1890 ప్రాంతంలో సెర్గీ వినొగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు వీటి గుట్టు బయటపెట్టాడు. వీటిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. రెండో తెగ ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చేపకు అంత హానిచేయదు, మొక్కకు మంచి ఎరువు. మిగిలిపోయిన దాన్ని మనం వారం వారం కొంచెం నీళ్ళు మార్చి తీసేయాలి.

ఈ సూక్ష్మజీవులు కాపురముండేది నీళ్ళలో కాదు. రాళ్ళమీద, అద్దం మీద, ముఖ్యంగా స్పంజీ రంధ్రాల్లో. కొత్తతొట్టిలో అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన కథలో ఇరవై చేపలూ మొదటిరోజే దిగాయి. అప్పటికి ఆ పనివాళ్ళు తొట్టిలో లేరు. వారం పదిరోజులకు కొద్దిమంది తయారయ్యేసరికి, సబ్బుపెట్టి ఆ నలుగుర్నీ కడిగేశారు.

దీనికి మన ఇల్లాళ్ళకు బాగా తెలిసిన ఉపాయం ఒకటి వున్నది. పాలు తోడుకోవాలంటే ఏం చేస్తారు? పొరుగింటి నుంచైనా సరే, చెంచాడు మజ్జిగ తెచ్చి తోడు వేస్తారు. తొట్టికీ అంతే. ఆరోగ్యంగా నడుస్తున్న మరో తొట్టి నుంచి ఒక పాత స్పంజీ ముక్కనో, గుప్పెడు రాళ్ళో తడి ఆరకుండా తెచ్చి వేస్తే, ఆరు వారాల పని చాలా త్వరగా తెములుతుంది. ఆపైన మూడు నాలుగు చేపలతో మొదలుపెట్టి, నెమ్మదిగా సంఖ్య పెంచాలి. స్పంజీని కడగవలసి వస్తే, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే నాలుగుసార్లు పిండితే చాలు. అది కాస్త మడ్డిగా కనబడటమే మంచిది. ఆ మడ్డి చేపల పాలిట వంటిల్లు, మందులంగడి కూడా.

మన రాతినేల - మన నీళ్ళు

పుస్తకాల్లో చదివి తొట్టి పెట్టేవాళ్ళు ఒక సంగతి మరచిపోతారు: ఆ పుస్తకాలు మన నీళ్ళకోసం రాసినవి కావు. నంద్యాల, ఆళ్ళగడ్డల నేల తీరు వేరు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాతిపొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టారు. నంద్యాల షేల్, కోయిలకుంట్ల సున్నపురాయి, పాణ్యం క్వార్ట్‌జైట్, ఔకు షేల్ అన్నవి శాస్త్రగ్రంథాలకెక్కిన పేర్లు. వీటిలో సున్నపురాయి పాలు ఎక్కువ. ఆ రాతి సందుల్లోంచి ఊరిన నీళ్ళు సున్నాన్ని కరిగించుకుని వస్తాయి. బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొలుసు కట్టేదీ, కాయధాన్యాలు తొందరగా ఉడకనిదీ అందుకే.

ఇలాంటి నీళ్ళు సాధారణంగా క్షారం వైపు మొగ్గి వుంటాయి. దీనివల్ల చేపకు ఒక చిక్కున్నది. నీళ్ళలో కలిసిన అమ్మోనియా అంతా ఒకే తీరుగా విషం కాదు. నీరు ఎంత క్షారమైతే అంత ఎక్కువపాలు విషరూపంలోకి మారుతుంది. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు, పిహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో నూటికి అరపాలు కాస్త దాటి విషరూపంలో వుంటుంది. పిహెచ్ 8 కి చేరితే నూటికి ఐదు పాళ్ళు పైమాటే. అంటే ఒక్క అంకె పెరిగితే విషం సుమారు పదింతలు. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో చెల్లిపోయే అతిమేత మన ఊళ్ళో చెల్లదన్నమాట.

ఐతే మన నీళ్ళను చూసి దిగులుపడనక్కరలేదు. నీళ్ళను చేపకు తగినట్లు మార్చేకంటే, నీళ్ళకు తగిన చేపను తెచ్చుకోవటం సుఖం. అమెజాన్ అడవుల మెత్తటి నీళ్ళలో పుట్టిన నియాన్ టెట్రా వంటివి మనకు వద్దు. గప్పీలు, మోలీలు, ప్లాటీలు సున్నపు నీళ్ళలో హాయిగా వుంటాయి. బడికి ఇవే తగినవి.

అడుగున వేసే రాళ్ళను కూడా పరీక్షించి వేయాలి. బేతంచెర్ల నాపబండల నేలమీద నిమ్మరసం ఒలికితే మచ్చపడి నునుపు పోతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు. పుల్లటి రసం సున్నపురాతిని తింటుంది. అదే పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. రాయిమీద నిమ్మకాయ పిండితే నురగలు పొంగితే అది సున్నపురాయి. తొట్టిలో వేస్తే నీళ్ళను ఇంకా గట్టిపరుస్తుంది. ఆళ్ళగడ్డ శిల్పుల ఉలికింద రాలే గట్టి నల్లరాతి ముక్కల్లాంటివైతే సాధారణంగా పొంగవు. వాటిని బాగా కడిగి, పదును అంచులు లేనివి ఏరి వేసుకోవచ్చు. ఈ ఒక్క నిమ్మకాయ పరీక్షతో ఒకపూట సైన్సు పాఠం గడిచిపోతుంది.

ఇక కొళాయి నీళ్ళు. మనకు రోగాలు రాకుండా వాటిలో క్లోరిన్ కలుపుతారు. అది మనకు మేలు, చేపకు కీడు, స్పంజీలోని సూక్ష్మజీవులకు మృత్యువు. వెడల్పాటి బకెట్లో పట్టి, మూత లేకుండా ఒక రోజంతా వుంచితే చాలావరకు ఎగిరిపోతుంది. అవసరమైతే పూర్వం ఫోటోగ్రాఫర్లు వాడిన హైపోయే చేపల అంగళ్ళలో మందుగా దొరుకుతుంది. మేడమీద ట్యాంకు నీళ్ళు వేసవి మధ్యాహ్నం కాగులో కాచిన నీళ్ళతో సమానం. వాటిని చల్లారనివ్వకుండా పోయకూడదు.

పిల్లలు పుట్టాక

గప్పీ గుడ్డుపెట్టే చేప కాదు. సుమారు నాలుగు వారాలు కడుపులో మోసి, ఒక కాన్పులో ఇరవై ముప్ఫై పిల్లలను, ఒక్కోసారి అంతకు మించి, కంటుంది. పుట్టిన పిల్ల బియ్యపుగింజంత వుంటుంది. పుడుతూనే ఈదుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, పుడుతూనే పారిపోవటం నేర్చుకుంటుంది. ఎందుకంటే కన్నతల్లే మింగేయవచ్చు! "పెద్దచేపలు మింగేస్తాయి" అని సత్యవ్రతుడి దోసిట్లో చేపపిల్ల పెట్టుకున్న మొర ఉత్తమాట కాదు.

అందుచేత కాన్పుకు ముందే తొట్టిలో ఒక మూల గుబురుగా నాచు వేసి వుంచాలి. పిల్లలు అందులో దాగుతాయి. వేరే చిన్నతొట్టి వుంటే మరీ మంచిది. నీళ్ళు లాగే మోటారు మూతికి పలుచని గుడ్డ కట్టకపోతే పిల్లలు అందులోకి పోతాయి. వాటికి స్పంజీతో నడిచేదే క్షేమం.

పసిపిల్లకు పొట్ట చిన్నది, ఆకలి తరచు. రోజుకు మూడు నాలుగుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేటంత మేత చాలు. మేతను రెండువేళ్ళ మధ్య పొడిచేసి వేయాలి. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన గోరంత తీసుకుని, గుడ్డలో కట్టి నీళ్ళలో ఆడిస్తే పాలలాగా వచ్చేదాన్ని చుక్కలుగా వేయవచ్చు. కాని పచ్చసొనంత త్వరగా నీళ్ళను పాడుచేసేది మరొకటి లేదు. మిగిలినదాన్ని సన్నని గొట్టంతో వెంటనే లాగేయాలి.

నీళ్ళు మార్చటం కూడా పసివాళ్ళకు నీళ్ళు పోసినంత నెమ్మదిగా జరగాలి. మనం చెప్పుకున్న తొట్టిలో రాళ్ళుపోను 45 లీటర్ల నీళ్ళు పడతాయి. వారానికొకసారి అందులో నాలుగోవంతు, అంటే 11 లీటర్లు, ఒక చిన్న బకెట్టు తీసి, ముందురోజు పట్టి వుంచిన నీళ్ళు సన్నటి ధారగా పోయాలి. మొత్తం ఎన్నడూ మార్చకూడదు.

మూడునెలలు గడిచేసరికి ఇంకో చిక్కు వస్తుంది. ఆడగప్పీ ఒకసారి జతకట్టి, ఆపైన మగచేప లేకుండానే కొన్ని కాన్పులు కనగలదు. పది చేపలు వంద అవుతాయి. సత్యవ్రతుడి చేప ఒళ్ళు పెరిగింది. మన చేపల సంతానం పెరుగుతుంది. ఎటు తిరిగీ కమండలం చాలదు. అందుకే మొదటి కాన్పు కాగానే మగవాటినీ ఆడవాటినీ వేరుచేయటమో, మరో బడికి పంచిపెట్టటమో చేయాలి.

కాలవల్లో, కుంటల్లో దొరికిన పిల్లలను తొట్టిలో వేద్దామనే సరదా కూడా వుంటుంది. వానాకాలంలో కొర్రమీను పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైన కదులుతుంటే, కిందనుంచి తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. చూడటానికి ముచ్చటే. కాని ఆ కాపలా తప్పించి తెచ్చిన పిల్లలు నాలుగురోజుల్లో ఒకదాన్నొకటి తినటం మొదలుపెడతాయి. బొచ్చె, శీలావతి పిల్లలు చెరువుల్లో కిలోలకొద్దీ పెరిగేవి. వాటికి గాజుతొట్టి చెర.

ఆ చేపల పిల్లల కథ కూడా వినదగినదే. పూర్వం చెరువులకు పిల్లలు కావాలంటే వరదల్లో నదులకు పోయి పట్టవలసి వచ్చేది. చెరువు నిలవనీటిలో అవి గుడ్లు పెట్టవు. 1957 జులై 10 న ఒరిస్సాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, చేప మెదడు కిందనుండే గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, చెరువు చేపలచేత గుడ్లు పెట్టించాడు. ఆ రోజును జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నాం. ఇవాళ చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశానికి తలమానికంగా వుండటానికి అదొక ముఖ్యకారణం. కొల్లేటి ప్రాంతపు రైతు కూడా ఎకరాల చెరువు గట్టుమీద నిలబడి కనిపెట్టేది మన ఆరో తరగతి పిల్లలు కనిపెట్టవలసిన వాటినే: అమ్మోనియా, పిహెచ్, నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు.

ఎండలు, సెలవులు

ఆ ప్రాణవాయువు సంగతి నంద్యాల వేసవిలో బాగా తెలిసివస్తుంది. నీళ్ళు వేడెక్కిన కొద్దీ గాలిని పట్టివుంచే శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరిగి వుండగలదు. 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములకు కూడా చోటులేదు. అదే వేడికి చేప ఒంట్లో వేగం హెచ్చి, దానికి గాలి అవసరం పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారంలాగా వుంటుంది దాని స్థితి. కనుక తొట్టి పడమటి కిటికీ దగ్గర వుండకూడదు. వేసవిలో చేపల సంఖ్యా తగ్గించాలి, మేతా తగ్గించాలి.

కరెంటు పోయి మోటారు ఆగితే కంగారుపడనక్కరలేదు. చెంబుతో తొట్టినీళ్ళే తీసి, కాఫీ తిరగబోసినట్లు జానెడెత్తు నుంచి మెల్లగా పోస్తుంటే నీళ్ళకు గాలి పడుతుంది. ఇద్దరు పిల్లలు వంతులవారీగా పదేసి నిమిషాలు పోస్తే చేపలు గట్టెక్కుతాయి.

సెలవుల సంగతి ముందే ఆలోచించాలి. పెద్దచేప రెండు మూడురోజులు పస్తు ఓర్చుకుంటుంది, పిల్ల ఓర్చుకోలేదు. దసరాకు, సంక్రాంతికి ఎవరు వచ్చి చూస్తారో పేర్లు రాసి గోడకు అంటించాలి. వేసవి సెలవులకు తొట్టి ఎవరింటికి పోతుందో చేపలు కొనేముందే నిర్ణయం కావాలి. ఆ ఏర్పాటు చేయలేని బడి తొట్టి పెట్టకపోవటమే న్యాయం. ప్రాణమున్నదాన్ని పాఠ్యపరికరం అనుకోకూడదు.

కాలవలో వదలకండి

చేపలు ఎక్కువైనా, చూసేవారు లేకపోయినా చాలామందికి తోచే ఉపాయం కె.సి. కాలవలోనో, కుందూలోనో వదిలేయటం. పుణ్యమని కూడా అనుకుంటారు. అది పుణ్యం కాదు.

దోమపిల్లలను తింటుందని అమెరికా మూలపు గాంబూసియా చేపను 1928 లో మన దేశానికి తెచ్చారు. అది దోమలను తిన్నమాట నిజమే. దానితోపాటు మన చేపల గుడ్లనూ పిల్లలనూ, కప్పతోకపిల్లలనూ తిన్నది. నెత్తిన వెండిచుక్కతో నీటి అంచున తిరుగుతూ దోమపిల్లలను ఏరుకుతినే చిన్నచేపలు మన దేశపు కుంటల్లో ముందునుంచే వున్నాయి. తొట్టిలో పాచి తింటుందని కొనే సక్కర్ చేపది దక్షిణ అమెరికా. అడుగుకు మించి పెరిగితే ఇంట్లో భరించలేక ఎవరో కాలవలో వదిలారు. ఇవాళ అది మన రాష్ట్రపు కాలవల్లో, చేపల చెరువుల్లో చేరి వలలు చింపుతూ మత్స్యకారులను ఏడిపిస్తున్నది. తొట్టిలో చేప తొట్టిలోనే వుండాలి, లేదా ఇంకో తొట్టికి పోవాలి.

ఒక నోటుపుస్తకం

ఇంతా చదివి, ఇది అయ్యేపని కాదని నిట్టూర్చకండి. దీనికి కావలసినవి డబ్బూ కాదు, పెద్ద చదువూ కాదు. తొట్టి పక్కన ఒక నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. రోజూ ఇద్దరు పిల్లలు వంతు తీసుకుని రాయాలి: ఎన్ని చేపలు, ఎంత మేత, నీళ్ళ వేడి ఎంత. వారానికొకసారి పరీక్షమందు చుక్కలు వేసి చూసి, అమ్మోనియా ఎంత, నైట్రైట్ ఎంత, పిహెచ్ ఎంత అని రాయాలి. అమ్మోనియా, నైట్రైట్ అన్నచోట సున్న రావాలి. లెక్కల్లో సున్న వస్తే మొహం చిన్నబుచ్చుకునే పిల్లలు ఇక్కడ సున్న వచ్చిందని గంతులేస్తారు.

మేత డబ్బా మాత్రం ఆ ఇద్దరి చేతిలోనే వుండాలి. తక్కిన ముప్ఫై ఎనిమిదిమందీ ఆ రోజు చేతులు కట్టుకుని చూడటం నేర్చుకోవాలి. ప్రేమ వున్నచోట చేయి వెనక్కు తీసుకోవటం ఎంత కష్టమో తల్లిదండ్రులకు వేరే చెప్పక్కరలేదు.

ఎంత జాగ్రత్తగా వున్నా ఎప్పుడో ఒక చేపపిల్ల చనిపోతుంది. దాన్ని పిల్లలు రాకముందే తీసిపారేసి, అలాంటిదే ఇంకొకటి తెచ్చివేసే ఉపాధ్యాయులున్నారు. మనసు మంచిదే, పద్ధతి మంచిది కాదు. చనిపోయిందని చెప్పాలి. నోటుపుస్తకం తీసి, గడచిన వారం అంకెలు పిల్లలచేతనే చదివించాలి. ఎక్కడ తేడా వచ్చిందో వాళ్ళే పట్టుకుంటారు. "దిష్టి తగిలింది" అన్న మాటకూ, "శుక్రవారం అమ్మోనియా పెరిగింది" అన్న మాటకూ మధ్య చదువంతా వున్నది.

ఇదంతా గుప్పెడు చేపపిల్లలకోసమేనా అంటే, కాదు. నల్లమల దాటి తూర్పుకు పోతే పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు వస్తాయి. అక్కడి బావుల్లో నీళ్ళు చూడటానికి తేటగానే వుండేవి. తరతరాలుగా తాగారు. పిల్లల పళ్ళు గారపట్టాయి, నడివయసులోనే నడుములు వంగిపోయాయి. కర్మ అనుకున్నారు, శాపం అనుకున్నారు. ఆ నీళ్ళలో హద్దుమీరి వున్న ఫ్లోరైడ్ దానికి కారణమని 1937 లో వైద్యులు పరిశోధించి ప్రకటించారు. కంటికి తేటగా వున్న నీటిని అనుమానించాలని అంతవరకు ఎవరికీ తోచలేదు.

"నీళ్ళు తెల్లగనే ఉండాయి కదా సార్?" అని అడిగిన పిల్లవాడికి గాజుతొట్టి దగ్గర సరైన జవాబు దొరికితే, రేపు వాడు తన ఊరి బోరు దగ్గర నిలబడి కూడా అదే ప్రశ్న వేస్తాడు. నీళ్ళు తేటగా వున్నాయి సరే, పరీక్ష చేయించారా అని పెద్దలను అడుగుతాడు. అప్పుడు పెద్దలు సిద్ధంగా వుండాలి.